వాడరేవు గాలికి నిలిచిన జాడీలు

నేను పుట్టింది ఇంకొల్లు దగ్గర నల్లరేగడి ఊళ్లో. పత్తి, మిరప, పొగాకు తప్ప మరో పైరు పెద్దగా తెలియదు. ఎండాకాలం నేల నెర్రెలిస్తే చెయ్యి మోచేతి దాకా దిగేది. 1968లో పెళ్లై, ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం చేసి వాడరేవు కోడలినయ్యాను. అప్పుడిది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలో కలిశాం, తర్వాత దానికే ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు, 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా వాళ్లమయ్యాం. ఇల్లు మాత్రం అదే. దీపస్తంభం వెలుగు మా పెరటి గోడ మీద తిరగడం కూడా అదే.

మా అమ్మాయి కూతురు అమెరికాలో డెన్వర్‌లో ఉంటుంది. ‘కొలతలన్నీ రాసి పంపు అమ్మమ్మా’ అని ఏడాదిగా అడుగుతోంది. కొలతలు రాస్తే అరపేజీకి సరిపోయాయి. ఆ కొలతలు ఎక్కడ పారతాయో, ఎక్కడ పారవో చెప్పడానికి ఇదంతా రాయాల్సి వచ్చింది.

1. కోసిన కాయ వేరు, రాలిన కాయ వేరు

ఆవకాయకు చెట్టు మీంచి కోసిన కాయే కావాలి. చిక్కం కట్టిన గెడతో, తొడిమ ఉండేలా కోయించాలి. తొడిమ ఊడితే సొన కాయంతా పాకుతుంది, అది పడ్డ చోట తొక్క మాడినట్టు నల్లబడుతుంది. కోసిన కాయలను గోనెసంచిలో కుక్కి రాత్రంతా వదిలేస్తే లోపల వేడెక్కి మగ్గడం మొదలవుతుంది. పొద్దున పైకి పచ్చగానే కనిపిస్తాయి. కత్తి పెడితే టెంక చుట్టూ పసుపు తిరిగి ఉంటుంది. ఆ ముక్క నెల తిరక్కుండా మెత్తబడుతుంది. అందుకే పొద్దున కోత, మధ్యాహ్నానికి కడిగి తుడవడం, పొద్దుగూకే లోపు జాడీలోకి. టెంక గట్టిపడి కత్తికి కరుకుగా తగలాలి. జీడి తీసేశాక దాని కింద ఉండే కాగితం లాంటి పొరను కూడా గోరాలి. ఆ పొర దగ్గరే తేమ దాక్కుంటుంది.

గాలివానకు రాలిన కాయకు పైన దెబ్బ కనపడదు, లోపల నీరు పట్టి ఉంటుంది. దాన్ని పారేయమనను. ఆ రోజే పప్పులో వేయండి, తొక్కుపచ్చడి చేయండి, పలుచగా తరిగి ఒరుగులు ఎండబెట్టండి. ఏడాది నిలవాల్సిన జాడీలోకి మాత్రం ఒక్క దెబ్బకాయ కూడా పోకూడదు.

2. అమ్మ కొలత ఇక్కడ పారలేదు

1969 వేసవిలో ఈ ఇంటి ఆవకాయ మొదటిసారి నా చేతి మీదుగా పడింది. అమ్మ కొలత నాకు కంఠతా. నాలుగు సోలల ముక్కలకు సోల కారం, సోల ఆవపిండి, ముప్పాతిక సోల ఉప్పు. పుట్టింట్లో ఆ కొలతతో పెట్టిన జాడీ రెండో ఏడు కూడా చెక్కుచెదరదు. ఇక్కడ ఇరవయ్యో రోజున వాసెన విప్పితే అంచు వెంబడి తెల్లటి బూజు, మధ్యలో చిన్న చిన్న బుడగలు. ముక్కను రెండు వేళ్లతో పట్టుకుంటే జారిపోయింది. వంద కాయల ఆవకాయ. కొత్త కోడలిని, ఎవరికి చెప్పుకోను? గాదె వెనక నిలబడి ఏడ్చాను.

అత్తమ్మ ఒక్క మాట అనలేదు. మర్నాడు చీకటితో లేపి, ‘రా అమ్మాయ్’ అని రేవుకు తీసుకెళ్లింది. ఆడవాళ్లు ఉప్పు పట్టించిన చేపలను ఇసుక మీద పట్టాలేసి పరుస్తున్నారు. పొద్దు అప్పుడే నీళ్లలోంచి పైకొస్తోంది. గాలి మా వీపులకు తగులుతోంది, ఊరి వైపు నుంచి సముద్రం మీదికి పోతోంది. ‘ఇది నేల గాలి, పొడిగా ఉంటుంది’ అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ తీసుకెళ్లింది. గాలి తిరిగింది. ఎదురుగా మొహానికి కొడుతోంది, పెదవి తడిపితే ఉప్పగా తగిలింది. పొద్దున చేపలు పరిచిన ఆడవాళ్లే ఇప్పుడు వాటిని గంపల్లోకి ఎత్తి తాటాకు కప్పుతున్నారు. ‘వాళ్లు చేపకు చూసుకునేది నువ్వు ముక్కకు చూసుకోవాలి’ అంది అత్తమ్మ. నాకు పాఠం చెప్పడానికి ఆవిడ ఖర్చు పెట్టింది ఆ రెండు నడకలే.

జరిగిందేమిటంటే, ఉప్పును, ముక్కలను నేను సాయంత్రం దాకా ఎండలోనే వదిలేశాను. ఎండ ఎక్కువసేపు తగిలితే ఇంకా మంచిదనుకున్నాను. మా పుట్టింట్లో అది నిజం. ఇక్కడ పొద్దున ఎండకు పోయిన తేమంతా సాయంత్రం సముద్రపు గాలి తిరిగి తెచ్చి పెట్టింది. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటితే ఉప్పు తనంతట తానే నీళ్లు లాక్కుంటుందని చాలా ఏళ్ల తర్వాత, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివిన మా పెద్దవాడు చెప్పాడు. అత్తమ్మకు ఆ అంకె తెలియదు. ఉప్పుగల్లు వేలికి అంటుకుంటే మాత్రం ఆ రోజు రోకలి ముట్టనిచ్చేది కాదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎండబెట్టేది పొద్దున ఎనిమిదింటి నుంచి గాలి తిరిగే దాకానే. లోపలికి తెచ్చాక వెంటనే జాడీకెత్తకూడదు. వేడి ముక్కను మూసిపెడితే మూత లోపల చెమట పట్టి మళ్లీ ముక్క మీదే కారుతుంది. నడిమింట్లో పొడిగుడ్డ మీద పరిచి, చల్లారాక ఎత్తాలి. మాగాయ ముక్కకు ఇంకొల్లులో రెండు ఎండలు చాలు. ఇక్కడ నాలుగు కావాలి. ఊటను కూడా విడిగా వెడల్పు పళ్లెంలో పోసి ఆ నాలుగు రోజులూ ఎండలో పెట్టాల్సిందే.

3. ఉప్పును సోలతో కొలవకండి, తూచండి

చినగంజాం కొఠారు ఉప్పు గల్లుగల్లుగా ఉంటుంది. గల్లు మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి సోలెడు గల్లుప్పు కన్నా సోలెడు మెత్తటి ఉప్పు బరువు ఎక్కువ. అమ్మ ‘ముప్పాతిక సోల’ అన్నది దంచిన ఉప్పుకు. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు నేను కిలో ముక్కలకు 200 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల కారం, 200 గ్రాముల ఆవపిండి, దాదాపు అర లీటరు నూనె వేస్తాను. గల్లుప్పును పొడి మూకుడులో చిటపటలాడడం ఆగే దాకా వేయించి, చల్లార్చి దంచుతాను.

ఆవాలను ఎండలో పెట్టి, ఆ వేడి పోయాకే దంచాలి. మిక్సీలో ఆగకుండా తిప్పితే పిండి వేడెక్కి ఘాటు పోతుంది, చేదు మిగులుతుంది. కొంచెం తిప్పి ఆపి, మళ్లీ తిప్పండి. నూనె సగం పప్పునూనె, సగం మా ఇసుక నేలల వేరుశనగ నూనె. పప్పునూనె అంటే నువ్వుల నూనే, అందులో చిక్కు వాసన రానివ్వని గుణం ఉంది, ఏడాది చివర అది తెలుస్తుంది. మూడో రోజు తిరగ కలిపి, ముక్క మీద వేలెడు నూనె తేలేలా చూసి వాసెన కట్టాలి.

4. పచ్చడిలో ఉప్పు తగ్గించకండి

మా ఆయనకు రక్తపోటు వచ్చిన ఏడు ఉప్పు సగానికి సగం తగ్గించి పెట్టాను. ప్రేమతోనే చేశాను. శ్రావణంలో జాడీ మొత్తం పులిసి పొంగింది. ఆవకాయను నిలబెట్టేవి పులుపు, ఉప్పు, పైన నూనె. అందులో ఒకటి సడలితే మిగిలిన రెండూ ఆపలేవు. వేసుకునే పచ్చడి తగ్గించండి, రోజు మార్చి రోజు వేసుకోండి, పెరుగన్నంలోకి ఒక్క ముక్కతో సరిపెట్టండి. ఉప్పు తగ్గించి తీరాలంటే చిన్న సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి నెలలో తినేయండి.

ఇంకొకటి. ఆవకాయలో వెల్లుల్లి వేస్తాం, ఆ పులుపులో, ఉప్పులో దానికి భయం లేదు. పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో ముంచి బయట నిలవ పెట్టడం మాత్రం ప్రమాదం. గాలి తగలని, పులుపు లేని చోట పెరిగే విషపు క్రిమి ఉంటుంది. దానికి రంగు, వాసన ఉండవు. డెన్వర్ పిల్ల ఇలాంటి సీసా ఒకటి కిటికీలో పెట్టానని ఫోటో పంపితే అర్ధరాత్రి ఫోన్ చేసి పారబోయించాను.

5. జాడీకి చోటు

జాడీని నేల మీద పెట్టొద్దు, చెక్క మీద పెట్టండి. గోడకు ఆనించొద్దు. తడి గరిటె ముంచొద్దు. ఇవి అందరికీ తెలిసినవే.

మాకు తెలిసొచ్చింది మరొకటి. 1977 నవంబరు 19న, ఉప్పెన దివిసీమను ఊడ్చేసిన రోజు, గాలి మా పెంకులనూ లేపేసింది. గాదెలో బియ్యం తడిసి ముద్దయ్యాయి. అటక మీద మూలకు బిగించి పెట్టిన రెండు జాడీలు, తాడు కట్టిన చింతకాయ తొక్కు కుండ మాత్రం నిలిచాయి. తడి బియ్యమే వండుకుని ఆ పచ్చళ్లతో నాలుగిళ్ల వాళ్లం రోజులు గడిపాం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, ఫ్రిజ్‌లో పెట్టినవన్నీ పోయాయి. అంతకు ముందు కార్తికంలో పెట్టిన ఉసిరికాయ పచ్చడికి ఏమీ కాలేదు. మా తీరానికి తుపానులు వచ్చేదీ ఉసిరి కోతకొచ్చేదీ ఒకే కాలం. అందుకే ఉసిరి పచ్చడిలోకి కారం, పోపు అన్నీ ఒకేసారి కలపను. ఉప్పు, పసుపు వేసి తొక్కి ఉంచుతాను, కావలసినప్పుడు కొంచెం తీసి నూరుకుంటాను. ఉత్త ఉప్పులో ఉన్న తొక్కు ఏ గాలికీ చలించదు.

6. మిరపకాయా పండే

గుంటూరు మిరపయార్డుకు వచ్చే ఎండుకాయనే లోకం చూస్తుంది. కల్లానికి పోకముందు, చెట్టు మీద ఎర్రగా, తళతళలాడుతూ, కొరికితే ముందు తియ్యగా తగిలి తర్వాత మండే పండు ఒకటుంది. దాంతో చేసేదే కొరివికారం. సంక్రాంతి వెళ్లాక మా తమ్ముడి చేలో రెండో కోత రోజున నేను గంప తీసుకుని వెళ్తాను. డెబ్బై నాలుగేళ్లు వచ్చినా ఆ ఒక్క రోజు మానుకోను. పొద్దున మంచు ఆరే దాకా ఆగి, మచ్చ లేని కాయ, గిల్లితే టక్కున తెగే కాయ ఏరుకుంటాను. మెత్తబడి ముడత పడ్డ కాయ ఎండడానికి పనికొస్తుంది, నాకు పనికిరాదు.

కడిగేటప్పుడు తొడిమ తీయకూడదు. తీస్తే ఆ బొక్కలోంచి నీళ్లు కాయలోకి పోతాయి. తొడిమతోనే కడిగి, గుడ్డతో ఒక్కొక్క కాయ తుడిచి, నీడన గాలికి ఆరబోసి, అప్పుడు తొడిమ తుంచాలి. పనివాళ్లు లేకపోతే ఇంట్లో అందరూ కూర్చోవాలి. రెండు కిలోల కాయ తుడవడానికి నలుగురికి గంట పడుతుంది, ఆ గంటను తగ్గించే దారి నాకింతవరకు దొరకలేదు. కిలో పండ్లకు పావుకిలో కొత్త చింతపండు, పావుకిలోకి కొంచెం తక్కువ ఉప్పు, చారెడు మెంతిపొడి. చింతపండులో పిక్క, ఈనె, పెంకు లేకుండా చూసుకోవాలి. రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి, మధ్యలో చింతపండు పెట్టి, పైన ఉప్పు కప్పి, జాడీలో మూడు రోజులు వదిలేయాలి. మూడో రోజుకు చింతపండు ఆ రసంలో నానిపోయి ఉంటుంది. అప్పుడు మెత్తగా రుబ్బాలి. ఒక్క చుక్క నీళ్లు తగలకూడదు.

రోటి దగ్గర కూర్చునే ముందు చేతులకు నూనె రాసుకోండి. మిరప మంట నూనెలో కరుగుతుంది గాని నీళ్లలో కరగదు. మండుతున్న చేతిని నీళ్లలో పెడితే మంట ఇంకా పాకుతుంది. మా చిన్నప్పుడు రుబ్బిన చేతులకు వెన్న రాసి, ఆ చేతులతోనే మాకు ముద్దలు కలిపిపెట్టేది అమ్మ. వేడన్నం, కొరివికారం, వెన్న. ఆ వెన్నలో కూడా కొంచెం మంట ఉండేది.

7. జీడిమామిడి పండు దగ్గర నా బాధ

మా పక్కనే వేటపాలెం. అక్కడి జీడిపప్పు ఎక్కడెక్కడికో పోతుంది. పప్పు గింజ వేలాడేది ఒక పండుకు. ఎరుపు, పసుపు రంగుల్లో, నీటితో నిండి, దూరం నుంచే వాసన పట్టిస్తుంది. గింజ తెంపుకుని ఆ పండును చెట్టు కిందే వదిలేస్తారు. మార్చి నుంచి మే దాకా తోటల్లోకి వెళ్తే కుళ్లిన తీపి వాసన, ఈగలు. అంత పండు, అంత రసం, ఏటా మట్టిపాలు. యాభై ఏళ్లుగా చూస్తున్నా నా మనసు ఒప్పుకోదు.

పారేయడానికి కారణాలు లేకపోలేదు. కోసిన రోజు దాటితే పండు పాడవుతుంది. తింటే గొంతు పట్టేస్తుంది. ఆ వగరుకు మందు మన పొయ్యి మీదే ఉంది. రసం తీసి, చల్లారిన పలుచటి గంజి కలిపి కాసేపు కదపకుండా ఉంచితే వగరు గంజితో పాటు అడుక్కి దిగుతుంది. పైన తేట వంచుకుని, నిమ్మరసం, పంచదార వేసి కాచి సీసాల్లో పోస్తాను. ముక్కలైతే ఉప్పునీళ్లలో మూడు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఉడికించి పాకంలో వేస్తాను. కోసిన గంటలో పని మొదలుపెట్టాలి, అంతే.

ఈ జీడిమామిడి మనది కాదు. పోర్చుగీసువాళ్ల ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. జామ, బొప్పాయి, మిరపకాయ కూడా అక్కడివే. మిరప రాకముందు మన పచ్చళ్లకు ఘాటు మిరియం, ఆవాలు, అల్లమే ఇచ్చేవి. దారిన వచ్చిన మిరపను ఇంటి దేవతలా చూసుకున్న మనం, ఆ దారినే వచ్చిన ఈ పండును ఎందుకు వదిలేశామో.

8. నూట అయిదు అన్నది వాడరేవు లెక్క

జామ జెల్లీకి దోరకాయ కావాలి. బాగా పండినదాంట్లో వాసన ఉంటుంది గాని గడ్డకట్టే జిగురు తగ్గిపోతుంది. ముక్కలు మునిగేంత నీళ్లు పోసి అరగంట ఉడికించి, పలుచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయాలి. పిండకూడదు, పిండితే జెల్లీ మసకబారుతుంది. దిగిన రసం నాలుగు గ్లాసులైతే మూడు గ్లాసుల పంచదార, ఒక నిమ్మకాయ రసం. వినాయకచవితి రోజుల్లో దొరికే వెలగపండుకూ ఇదే పద్ధతి. దాంట్లో జిగురు ఎక్కువ కాబట్టి తొందరగా పేరుకుంటుంది.

వంట థర్మామీటరు 105 డిగ్రీలు చూపించగానే దించు అని మనవరాలికి రాశాను. ఆ పిల్ల అక్షరం తప్పకుండా చేసింది. జెల్లీ బదులు ముదురుపాకం వచ్చింది, గరిటె అందులోనే నిలబడిపోయింది. పాపం, తన చేతిలోనే తప్పుందనుకుంది. డెన్వర్ సముద్రానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నీళ్లు మరిగే వేడి మీద అయిదు డిగ్రీలు పెరగడం జెల్లీకి గుర్తు, కాబట్టి అక్కడ వంద దగ్గర దించాలి. మా గుమ్మం ముందు సముద్రం ఉండబట్టి ఇక్కడ 105. ఈసారి ముందు ఉత్త నీళ్లు మరిగించి ఆ అంకె రాసుకోమన్నాను. థర్మామీటరు లేకపోతే గరిటె ఎత్తి చూడండి. రసం చుక్కలు చుక్కలుగా కాకుండా రెండు చుక్కలు కలిసి రేకులా జారితే అయినట్టే.

ఇంకో వింత చెప్పింది. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మాగాయ ముక్కలు గదిలోనే ఒకటిన్నర రోజులో ఎండి చెక్కలయ్యాయట. ఇంకొల్లు కన్నా పొడి నేల అన్నమాట. నేను చెప్పిన నాలుగు రోజులు ఉంచితే ఆ ముక్క ఊటలో వేసినా నానదు. వంచితే వంగాలి, విరగకూడదు, అప్పుడే ఎత్తెయ్యమన్నాను.

9. ఇసుకలో కేకు, పాకంలో బొప్పాయి

నాకు కేకు నేర్పింది మా వీధి క్రైస్తవ టీచరమ్మ. కేకులో వేయడానికి డిసెంబరు మొదట్లోనే పచ్చి బొప్పాయి తరిగేది. చిన్న చిన్న పలకలుగా కోసి, సున్నపు తేటలో గంటసేపు ఉంచి, నాలుగైదు నీళ్లలో బాగా కడిగి, అద్దంలా మెరిసే దాకా ఉడికించాలి. సున్నం ముక్కకు బిగువిస్తుంది. తర్వాత మొదటి రోజు పలుచటి పాకం, రెండో రోజు కొంచెం చిక్కన, మూడో రోజు ఇంకా చిక్కన. తొందరపడి ఒకేసారి చిక్కటి పాకంలో వేస్తే ముక్కలోని నీరంతా బయటికి లాగేసి తోలులా ముడుచుకుంటుంది. బజారులో టూటీ ఫ్రూటీ అని అమ్మేది ఇదే.

ఓవెన్ లేని రోజుల్లో మందపాటి డేగిసాలో రెండంగుళాల ఇసుక పోసి, పావుగంట కాగాక దాని మీద కేకు గిన్నె పెట్టి మూసేవాళ్లం. మాకు ఇసుకకు కరువా! రేవు ఇసుక అలాగే పోయకూడదు, ఉప్పు నాకి గిన్నె చిల్లులు పడుతుంది, గవ్వ ముక్కలు పేలతాయి. మంచినీళ్లలో ఉప్పదనం పోయే దాకా కడిగి ఎండబెట్టి జల్లించాలి. మామిడి రసాలతో కేకు చేస్తే గుజ్జును ముందు పొయ్యి మీద సగానికి మరిగించండి. పచ్చి గుజ్జు వేస్తే అందులోని నీరు ఆవిరయ్యేలోపు పైభాగం మాడుతుంది, నడుమ పిండి పచ్చిగానే ఉంటుంది.

10. తాటిరొట్టె

శ్రావణ భాద్రపదాల్లో రాత్రి నిద్రలో దబ్బుమని చప్పుడు వినిపిస్తే మా ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు. తాటిపండు. ఆవకాయకు కోసిందే మేలన్నాను గాని దీనికి రాలిందే మేలు. కోసి తెచ్చిన తాటికాయలో ఆ వాసన రాదు. పొద్దున్నే వెళ్లి ఏరుకోవాలి, ఎండెక్కితే పురుగు చేరుతుంది.

నల్లటి తొక్క ఒలిస్తే లోపల పసుపుపచ్చటి పీచు. ఒక్క గుక్కెడు నీళ్లు చల్లి, వెదురు బుట్ట వెనకవైపు వేసి అరచేత్తో రుద్దితే గుజ్జు బుట్ట కళ్లలోంచి దిగుతుంది, పీచు టెంకకే ఉండిపోతుంది. చేతులు మోచేతుల దాకా పసుపు. మా పిల్లలు ఆ పీచు చప్పరిస్తూ చుట్టూ కూర్చునేవాళ్లు. కలిపే ముందు ప్రతి పండు గుజ్జూ నాలిక మీద వేసుకు చూడాలి. కొన్ని చెట్ల పండు చేదు. ఆ చేదుకు కారణమైన పదార్థానికి ఫ్లాబెల్లిఫెరిన్ అని పేరుందని పెద్దవాడు చెప్పాడు. బెల్లం ఎంత వేసినా అది దాగదు. ఒక్క చేదు పండు పది పండ్ల గుజ్జును చెడగొడుతుంది. మా చుట్టుపక్కల ఏ చెట్టు చేదో నాకు కంఠతా.

రెండు గ్లాసుల గుజ్జుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, ఒకటిన్నర గ్లాసుల బెల్లం తురుము, గ్లాసు పచ్చికొబ్బరి, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకులు. నీళ్లు పోయకుండా కలిపి రెండు గంటలు నాననివ్వాలి. ఇనప మూకుడుకు నూనె బాగా పట్టించి, అడుగున అరిటాకు పరిచి, పిండి పోసి, పైన మరో ఆకు కప్పి, ఇనప మూత పెట్టాలి. ఇక నిప్పు. మా చుట్టూ సరుగుడు తోటలే, సరుగుడు బొగ్గు నిదానంగా, పొగ లేకుండా కాలుతుంది. కింద నాలుగు నిప్పులు చాలు, మూత మీద రెట్టింపు వేయాలి. కింద ఎక్కువైతే బెల్లం మాడి రొట్టె మూకుడును వదలదు. ముప్పావు గంట పడుతుంది. నిప్పులు బూడిద కప్పుకుంటున్నాయంటే మూత మీది వాటిని ఊదండి, కిందివాటిని ఊదకండి. ముందు కొబ్బరి వాసన వస్తుంది, తర్వాత అరిటాకు వాసన, చివరికి బెల్లం కాలీకాలని వాసన. ఆ మూడో వాసన మొదలవగానే మూత తీసి పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. గ్యాసు ఓవెన్‌లో కూడా చేశాను, ఉడికింది, రుచిగానే ఉంది, అడుగున ఆ నల్లంచు మాత్రం రాలేదు. రాత్రి చేసి పొద్దున కోయండి. వేడిగా కోస్తే పొడిపొడిగా రాలుతుంది, చల్లారితే ముక్క చెక్కలా నిలుస్తుంది, అలా మూడు రోజులు ఉంటుంది.

టెంకలను పారేయం. పెరట్లో ఇసుక గుల్లచేసి, వరసగా పక్కపక్కనే పేర్చి, పైన జానెడు ఇసుక కప్పి పాతర వేస్తాం. సంక్రాంతి నాటికి మొలకలు లోపలికి దిగి తేగలవుతాయి. కొన్ని టెంకలు ముందే పగలగొడితే లోపల తెల్లటి బుర్రగుంజు. తేగలను కుండలో తంపట వేసుకుని తింటాం. ఈ ఏడు 120 టెంకలు పెట్టాం. కిందటేడు పందికొక్కులు సగం తవ్వుకుపోయాయని, ఈసారి చుట్టూ ముళ్లకంప పరిపించి పైన పాత వల కప్పించాను.